మన వెలుతురులో మన మనుషులు

ఈ పూట మీతో ముఖచిత్రం గురించి మాట్లాడతాను. మనిషి ముఖాన్ని ఆయిల్ పెయింట్‌తో, కాన్వాస్ మీద, ఉన్నది ఉన్నట్టు వేయడం ఎట్లా నేర్చుకోవాలి? చూసినవాళ్లు దూరం నుంచే "అరే, ఫలానా తాత గదా" అని గుర్తుపట్టేటట్టు వేయడం ఎట్లా? అదీ సంగతి.

మాది నల్గొండ జిల్లా కట్టంగూర్. హైదరాబాదు నుంచి విజయవాడ పోయే పెద్దరోడ్డు మీద నార్కట్‌పల్లి దాటాక, నకిరేకల్ రాకముందు వస్తుంది. మా చుట్టుపక్కల ఊళ్లలో బొమ్మలు గీసే పిల్లలు ఎందరో ఉన్నారు. పెన్సిల్ ఇచ్చి ఒక హీరో ఫొటో చూపిస్తే చాలు. కనుబొమ్మ వెంట్రుక దగ్గర నుంచి గడ్డం దాకా దించేస్తారు. ఆ ఓపిక చూస్తే నాకు ముచ్చటేస్తుంది. ఈ మాటలు ముఖ్యంగా ఆ పిల్లల కోసం, వాళ్ల అమ్మానాన్నల కోసం.

ఆ పిల్లలే ఆయిల్ రంగుల దాకా వచ్చేసరికి ఒకచోట ఆగిపోతున్నారు. ఎడమ చేతిలో సెల్‌ఫోన్, కుడి చేతిలో బ్రష్. ఫోన్లో ఉన్న ఫొటోను కాన్వాస్ మీదికి ఎక్కిస్తారు. పోలిక దిగుతుంది, కళ రాదు. రంగు పూసిన ఫొటోలాగే ఉంటుంది. మనిషి ఉన్నట్టు ఉండదు. ఎందుకట్లా?

నేను చెప్పదలచుకున్నది ఒక్కటే. ముందే చెప్పేస్తాను, మధ్యలో మళ్లీ మళ్లీ చెబుతాను. ఫోన్ పక్కన పెట్టండి. ఎదురుగా మనిషిని కూర్చోబెట్టుకోండి. మన ఊరి వెలుతురులో చూడండి. మన ఒంటి రంగును మీ చేత్తో మీరే కలుపుకోండి. ఎదురుగా మనిషి, మన వెలుతురు, మన రంగు. అంతే.

ముందు ఫోన్ సంగతి చూద్దాం. ఫొటో తీసేటప్పుడు ఫోన్‌ను ముఖానికి మూరెడు దూరంలో పట్టుకుంటాం. అంత దగ్గర నుంచి తీస్తే ముక్కు ఉన్నదానికంటే పెద్దగా పడుతుంది. చెవులు వెనక్కి పోతాయి. మనం మనిషిని అంత దగ్గర నుంచి ఎప్పుడూ చూడం. ఎదురుగా మంచమ్మీద కూర్చున్నవాళ్లను నాలుగైదు అడుగుల నుంచి చూస్తాం. మనకు గుర్తున్న ముఖం ఆ దూరం నుంచి చూసిన ముఖం. అందుకే ఫొటో చూసి కొలతలు తప్పకుండా వేసినా, ఇంట్లోవాళ్లు "ఏదో తేడా ఉంది" అంటారు. వాళ్ల మాట నిజమే. తేడా ఉంది.

ఇంకొకటి. ఫొటోలో నీడ ఉన్నచోట చాలాసార్లు నల్లటి మచ్చే ఉంటుంది. అదే మనిషిని ఎదురుగా చూడండి. దవడ కింద నీడలో ఒక గోధుమ రంగు ఉంటుంది. చెవి పక్కన ఎర్రదనం ఉంటుంది. మెడ దగ్గర చీర రంగు కొద్దిగా పడుతుంది. కంటికి ఇవన్నీ కనబడతాయి. ఫోన్ వాటిని మింగేస్తుంది. పైగా ఇప్పటి ఫోన్లు చర్మాన్ని నున్నగా చేస్తాయి, తెల్లగా కూడా చేస్తాయి. మీ నాయనమ్మ ముఖంలో డెబ్బై ఏళ్ల ఎండను అది తుడిచేస్తుంది. తుడిచేసినదాన్ని చూసి మీరేం వేస్తారు?

ఫొటో మీద గళ్లు గీసి, కాన్వాస్ మీద పెద్ద గళ్లు గీసి, ఒక్కొక్క గడిలో ఉన్నదాన్ని ఎక్కించే పద్ధతి ఉంది. దాన్ని నేను తక్కువ చేయను. మన దగ్గర సినిమా బ్యానర్లు రాసినవాళ్లు, నాయకుల కటౌట్లు వేసినవాళ్లు అట్లాగే నేర్చుకున్నారు. చేతిలో ఇమిడే చిన్న ఫొటో నుంచి ఇరవై అడుగుల ముఖాన్ని లేపేవాళ్లు. గోడలకు, దుకాణాలకు పేర్లు రాసిన చేతులే ముఖాలూ వేసేవి. ఫ్లెక్సీ వచ్చాక ఆ పని ఊరూరా పోయింది. పని పోయిందిగానీ ఆ నేర్పు చిన్నది కాదు.

మన పాత నల్గొండ జిల్లా మనిషే ఉన్నారు, ఏలే లక్ష్మణ్ గారు. కదిరేనిగూడెంలో 1965లో నేతపని ఇంట్లో పుట్టారు. మొదట్లో సైన్‌బోర్డులు రాశారు. తర్వాత హైదరాబాదులో ఫైన్ ఆర్ట్స్ చదివారు. 2014లో తెలంగాణ రాష్ట్రం వచ్చినప్పుడు ప్రభుత్వ చిహ్నాన్ని రూపొందించింది ఆయనే. ఆయన వేసిన తెలంగాణ పల్లె మనుషుల బొమ్మలు చూడండి. ఆ నల్లని ఒళ్లు, ఆ బొట్టు, ఆ చూపు. మనం రోజూ చూసే మనుషులే. సైన్‌బోర్డు నుంచి మొదలుపెట్టిన చెయ్యి మనుషుల మీదికి మళ్లితే ఎంత దూరం పోగలదో తెలుస్తుంది.

కాబట్టి గళ్లు కొట్టడం తప్పు కాదు. అక్కడే ఆగిపోవడం తప్పు. గళ్లు కొడితే చెయ్యి కుదురుతుంది. ముఖాన్ని చూడటం మాత్రం మనిషి ఎదురుగా ఉంటేనే వస్తుంది.

ఇప్పుడు రంగుల దగ్గరికి వద్దాం. ఆయిల్ పెయింట్ అంటే ఏమిటి? రంగుపొడిని నూనెలో నూరితే వచ్చేదే. ఆ నూనె ఎక్కువగా అవిసె గింజల నూనె. దుకాణంలో లిన్సీడ్ ఆయిల్ అని అడగండి. ఏ నూనె పడితే అది ఎందుకు పనికిరాదు? పల్లీనూనె గిన్నెకు అంటితే ఎన్నాళ్లయినా జిడ్డుగానే ఉంటుంది. అవిసె నూనె అట్లా కాదు. గాలి తగిలితే మెల్లమెల్లగా గట్టిపడి పొరలాగా అవుతుంది. నీటిరంగులో నీరు ఆవిరై పోతుంది. ఇందులో నూనె ఎక్కడికీ పోదు. గాలిలోని ఆక్సిజన్‌ను పట్టుకుని అక్కడే గట్టిపడుతుంది.

ఇది మెల్లగా జరుగుతుంది. నేర్చుకునేవాళ్లకు పెద్ద మేలు ఇదే. ఇవాళ పెట్టిన రంగు రేపటికీ తడిగానే ఉంటుంది. చెంప వెలుగు నుంచి నీడలోకి ఎట్లా తిరుగుతుందో చూసుకుంటూ, బ్రష్‌తో మెల్లగా కలపొచ్చు. నచ్చకపోతే గుడ్డతో తుడిచేసి మళ్లీ పెట్టొచ్చు. పొరపాటు చేసినవాళ్లకు ఆయిల్ పెయింట్ ఇచ్చినంత గడువు వేరే ఏ రంగూ ఇవ్వదు. అందుకే ఈ రంగులంటే భయపడొద్దంటాను.

ఒక్క నియమం మాత్రం గట్టిగా పట్టుకోండి. కింది పొరలో నూనె తక్కువ, పై పొరలో నూనె ఎక్కువ. మొదటిసారి రంగు పెట్టేటప్పుడు టర్పెంటైన్‌తో పలచగా చేసుకోండి. తర్వాత పొరపొరకూ కొద్దికొద్దిగా నూనె పెంచండి. తిరగేస్తే ఏమవుతుంది? పైన ముందు ఆరిపోతుంది, కింద ఇంకా కదులుతూ ఉంటుంది. కొన్నాళ్లకు బొమ్మ పగుళ్లిస్తుంది. మళ్లీ చెబుతున్నా. కింద నూనె తక్కువ, పైన నూనె ఎక్కువ.

తలుపులకు, కిటికీలకు వేసే ఎనామెల్ డబ్బా తీసుకుని ముఖం వేయకండి. అది వేరు, ఇది వేరు. కాన్వాస్ కొనే స్తోమత లేకపోతే గట్టి అట్ట మీద, చెక్క మీద ప్రైమర్ పూసుకుని వేయండి. ప్రైమర్ లేకుండా మాత్రం వద్దు. నూనె నేరుగా గుడ్డలోకి దిగితే ఆ గుడ్డ కొన్నేళ్లకు పెళుసుబారుతుంది.

తల్లిదండ్రులు ఒక్క నిమిషం జాగ్రత్తగా వినండి. అవిసె నూనె తుడిచిన గుడ్డలను ముద్దగా చుట్టి మూలకు పడేయొద్దు. ఆ నూనె గట్టిపడేటప్పుడు వేడి పుడుతుంది. గుడ్డలు కుప్పగా ఉంటే ఆ వేడి బయటికి పోక, దానంతట అదే అంటుకోవచ్చు. మన నల్గొండ ఎండల సంగతి మీకు చెప్పనక్కర్లేదు. పని అయిపోగానే గుడ్డలను నీళ్లలో తడపండి. లేదంటే విడివిడిగా బయట ఆరేయండి. టర్పెంటైన్ వాడేటప్పుడు కిటికీలు తెరిచిపెట్టండి. ఆ వాసన మూసిన గదిలో పీల్చడం మంచిది కాదు.

ఇక వెలుతురు. నాకు అన్నిటికంటే ఇష్టమైన భాగం ఇది.

పుస్తకాల్లో ఒక మాట ఉంటుంది. ముఖచిత్రం వేయాలంటే ఉత్తరం కిటికీ పక్కన కూర్చోబెట్టాలని. ఐరోపాలో పుట్టిన మాట అది. అక్కడ సూర్యుడు నడినెత్తికి రాడు. దక్షిణం వైపు వాలి తిరుగుతాడు. ఉత్తరం కిటికీలోకి నేరుగా ఎండ దాదాపు రాదు. ఆకాశపు వెలుతురు మాత్రమే వస్తుంది. గంటల తరబడి మారదు. ముఖం మీద నీడ కదలదు. మంచి నియమమే.

మన ఊళ్లో ఏం జరుగుతుంది? మనం భూమధ్యరేఖకు పదిహేడు డిగ్రీల ఉత్తరాన ఉన్నాం. దాదాపు మే రెండో వారం నుంచి ఆగస్టు మొదటి వారం దాకా మధ్యాహ్నపు సూర్యుడు మన నడినెత్తి దాటి ఉత్తరం వైపు పోతాడు. ఆ నెలల్లో పొద్దున పూట, సాయంత్రం పూట ఉత్తరం కిటికీలోంచి ఏటవాలుగా ఎండ లోపలికి వస్తుంది. పుస్తకం చదివి ఎండాకాలం సెలవుల్లో మొదలుపెట్టిన పిల్లలు దీన్ని చూసి తికమకపడతారు. నీడ ఇందాక ముక్కుకు ఇటు ఉండె, ఇప్పుడు అటు పోయింది. ఏం చేయాలి?

చాలా తేలిక. కిటికీకి ఒక తెల్లని ధోవతి కట్టండి. పలచటి నూలుది. ఎండ దానిమీద పడి మెత్తటి వెలుతురుగా లోపలికి వస్తుంది. మిగతా కాలంలో, అంటే వానాకాలం చివర నుంచి చలికాలం అంతా, మన ఉత్తరం కిటికీ పుస్తకంలో చెప్పినట్టే పనిచేస్తుంది. ముఖచిత్రం మొదలుపెట్టడానికి దసరా నుంచి సంక్రాంతి దాకా ఉన్న రోజులంత మంచివి నాకు కనబడలేదు.

మన వెలుతురులో ఇంకో విశేషం ఉంది. మనది ఎర్ర చెలకల నేల. మనిషిని ఇంటి ముందు, చూరు కింద కూర్చోబెట్టండి. వాకిట్లో ఎర్రమట్టి మీద ఎండ పడుతుంది. ఆ మట్టి మీంచి వెలుతురు లేచి మనిషి గడ్డం కిందికి వస్తుంది. ముక్కు కిందికి వస్తుంది. కనుబొమ్మల కింది గుంతల్లోకి వస్తుంది. మామూలుగా చీకటిగా ఉండాల్సిన చోట వెచ్చటి నారింజ రంగు కనబడుతుంది. నల్గొండ మనిషి ముఖం మీద నల్గొండ నేల రంగు పడుతుందన్నమాట. సున్నం వేసిన తెల్లగోడ పక్కన కూర్చోబెడితే ఇది ఉండదు. పచ్చని వరిపొలం గట్టున కూర్చోబెడితే ఇంకోలాగా ఉంటుంది. కూర్చున్నచోటు మారితే ముఖం రంగు మారుతుంది. వేసే ముందు కాసేపు ఊరికే చూస్తూ కూర్చోండి.

మనిషి కూర్చున్నారు. వెలుతురు కుదిరింది. ఇప్పుడు గీత. ముందు బొగ్గుముక్కతో గానీ, టర్పెంటైన్‌లో పలచగా కలిపిన బర్న్ట్ అంబర్ అనే ముదురు గోధుమరంగుతో గానీ గీయండి. బర్న్ట్ అంబర్ త్వరగా ఆరుతుంది, అందుకని మొదటి పొరకు అదే మంచిది. అందరూ పొరపడే చోటు ఒకటుంది. కళ్లు తల పైభాగంలో ఉంటాయనుకుంటారు. ఉండవు. నడినెత్తి నుంచి గడ్డం దాకా కొలవండి. కళ్లు దాదాపు సగంలో ఉంటాయి. నమ్మకపోతే ఇప్పుడే మీ పక్కనున్నవాళ్ల తలకు చెయ్యి అడ్డం పెట్టి చూడండి. నుదురు, జుట్టు కలిసి తలలో సగం. మనం మాట్లాడేటప్పుడు కళ్లు, నోరు చూస్తాం కాబట్టి వాటికే చోటంతా ఇచ్చేస్తాం. తల చిన్నదైపోతుంది.

తర్వాత కన్నూ ముక్కూ వివరంగా గీయడానికి తొందరపడొద్దు. కళ్లు సగం మూసి చూడండి. చికిలించి చూస్తే వివరాలు పోతాయి, రెండే మిగులుతాయి. వెలుగు, నీడ. పొద్దున్నే నల్గొండ గుట్టల మీది బండను చూస్తే ఒక పక్క వెలుగు, ఒక పక్క నీడ, మధ్యలో అంచు కనిపిస్తాయి కదా. ముఖాన్ని మొదట అట్లా చూడాలి. నీడ ఆకారాన్ని ఒక్క ముద్దగా పెట్టండి. కంటి గుంత, ముక్కు పక్క, పెదవి కింద, దవడ కింద, అన్నీ ఒకే నీడలో కలిసిపోనివ్వండి. ఇది కుదిరితే కళ్లు పెట్టకముందే ఫలానా మనిషి అని తెలిసిపోతుంది. మనం బజార్లో మనిషిని వంద గజాల నుంచి గుర్తుపడతాం. అంత దూరంలో కనుపాప కనబడుతుందా? కనబడదు. తల ఆకారం, నీడ చూసే గుర్తుపడతాం.

ఇక రంగు. ఈ మాట కొంచెం గట్టిగానే చెబుతాను.

దుకాణంలో ఫ్లెష్ టింట్ అని ఒక ట్యూబు దొరుకుతుంది. ఒంటి రంగు అని అర్థం. మూత తీసి చూడండి. లేత గులాబి. మన ఊళ్లో ఎవరి ఒంటికి ఆ రంగుంది? ఆ ట్యూబు చూసి నేర్చుకున్న పిల్లలు ఇంట్లో అమ్మను వేసినా గులాబి రంగే వేస్తారు. మరీ తెల్లగా ఉందనిపిస్తే దాంట్లో ఇంత నలుపు కలుపుతారు. అప్పుడు బూడిద పూసినట్టు అవుతుంది. ఆ ట్యూబు కొనకండి. మన రంగును మనమే కలుపుకుందాం.

ఎక్కువ డబ్బులు కూడా అక్కర్లేదు. స్వీడన్ దేశంలో ఆండర్స్ జోర్న్ అని గొప్ప చిత్రకారుడు ఉండేవారు. 1920లో కన్నుమూశారు. ఆయన ముఖచిత్రాలు ఎన్నో నాలుగు రంగులతోనే వేశారని చెప్పుకుంటారు. తెలుపు, పసుపు మట్టి రంగయిన ఎల్లో ఓకర్, ఒక ఎరుపు, ఒక నలుపు. ఇందులో నీలం లేదు. నలుపులో తెలుపు కలిపితే, ఎరుపు పసుపుల పక్కన అది నీలంగా కనబడుతుంది. మనవాళ్లను వేయడానికి నేను ఐదో ట్యూబు ఒకటి చేరుస్తాను, బర్న్ట్ సియెన్నా. పసుపు గోధుమరంగు మట్టిని కాల్చితే వచ్చే ఎర్రటి రంగు. ఇటుక రంగుకు దగ్గరగా ఉంటుంది. మన ఒంటి రంగుకు అదే పునాది.

నల్లని ఒళ్లు వేసేటప్పుడు వెలుగు కోసం తెలుపు ఒక్కటే కలపొద్దు. తెలుపు ఒక్కటే కలిపితే రంగు చచ్చిపోతుంది. ఎల్లో ఓకర్ కలపండి, కొంచెం ఎరుపు కలపండి, ఆ తర్వాత తెలుపు. నీడలో నలుపు ఒక్కటే పెట్టొద్దు. బర్న్ట్ సియెన్నాలో కొద్దిగా నలుపు వేయండి. నల్లని చర్మం మెరుస్తుంది. ఆ మెరుపులో ఆకాశం కనబడుతుంది. నుదుటి మీద, చెంప ఎముక మీద ఆ మెరుపు నీలిబూడిద రంగులో ఉంటుంది. చల్లటి రంగు అది. కింద వెచ్చటి గోధుమరంగు, పైన చల్లటి మెరుపు. మన మనుషుల ముఖంలో ఉన్న అందమంతా ఈ రెండింటి మధ్యే ఉంది.

ఒకసారి మా ఊళ్లోనే ఒక పెద్దవ్వను కూర్చోబెట్టి వేస్తున్నాను. జన్మంతా చెలకల్లో పనిచేసిన మనిషి. నుదుటి మీద పచ్చబొట్టు. సాగిన చెవి తమ్మెలు. కిటికీ ఆమెకు ఎడమ పక్కన ఉంది. ఆ పక్క కణత మీద ఆకాశపు నీలం పడింది. నేను ఆ నీలిబూడిద రంగు కలిపి కాన్వాస్ మీద పెట్టాను. మధ్యలో ఆమె లేచి వచ్చి చూసింది.

"నా మొఖం మీద నీలం ఏడికెల్లి వచ్చింది బిడ్డా?" అని అడిగింది.

"కిటికీలకెల్లి వచ్చింది అవ్వా" అన్నాను. ఆమె అరచెయ్యి పట్టుకుని కిటికీ దగ్గర పెట్టి, వెనకవైపు తిప్పి చూపించాను. వేళ్ల కణుపుల మీద అదే నీలం. చేతిని అటూ ఇటూ తిప్పుకుని చాలాసేపు చూసుకుంది. "గిన్నేండ్ల సంది నా చెయ్యి నేనే సూడలే" అంది. తర్వాత పోయి ఇందాకటికంటే నిటారుగా కూర్చుంది.

ఆ బొమ్మలో నేను ఎక్కువసేపు పనిచేసింది ఆమె నోటి దగ్గర. పళ్లు కొన్ని పోయాయి, అందువల్ల పై పెదవి లోపలికి తిరిగి ఉంది. ముడతలు గీతల్లాగా గీస్తే ముసలితనం వస్తుందిగానీ ఆమె రాదు. ముడత అంటే గీత కాదు. చిన్న మడత. దానికీ వెలుగు పక్క ఉంది, నీడ పక్క ఉంది. ఒక్కొక్క ముడతకూ ఒక పక్క కొంచెం వెలుగు పెట్టి, ఇంకో పక్కను కిందిరంగులో కలిపేస్తూ పోయాను. అప్పుడు నోరు కుదిరింది. నోరు కుదిరాక కళ్లకు పెద్దగా పని పడలేదు.

కళ్ల విషయం ఒక్కమాట. కంటి తెల్లగుడ్డు తెల్లగా ఉండదు. పై రెప్ప నీడ దాని మీద పడుతుంది. అది గుండ్రటిది కాబట్టి పక్కలకు చీకటవుతుంది. ట్యూబులోంచి తీసిన తెలుపు అక్కడ పెడితే మనిషి బెదిరిపోయినట్టు ఉంటాడు. బూడిదరంగు పెట్టండి. కనుపాపలో మెరుపుచుక్క అన్నిటికంటే చివర, ఒకేసారి పెట్టి వదిలేయండి. దాన్ని మళ్లీ ముట్టుకోవద్దు.

మరి కూర్చునే ఓపిక ఎవరికుంటుంది అంటారా? ఇరవై నిమిషాలు కూర్చోబెట్టండి, కాసేపు లేచి తిరగనివ్వండి. చాయ్ ఇవ్వండి. మళ్లీ ఇరవై నిమిషాలు. కుర్చీ కాళ్ల దగ్గర సుద్దముక్కతో గుర్తు పెట్టుకుంటే మళ్లీ అదే చోట కూర్చుంటారు. ఒక్కరోజులో అయ్యే పని కాదు, కావాలని అనుకోవద్దు కూడా. వాళ్లతో మాట్లాడుతూ వేయండి. మాట్లాడేటప్పుడే ముఖం తన అసలు తీరుకు వస్తుంది.

ఎవరూ దొరకకపోతే అద్దం ఉంది. హాలెండులో రెంబ్రాంట్ అనే మహా చిత్రకారుడు నలభై దాకా తన ముఖాలే తాను రంగుల్లో వేసుకున్నారు. కుర్రతనం నుంచి 1669లో కన్నుమూసిన ఏడాది దాకా. పేరొచ్చినప్పుడు వేసుకున్నారు, దివాలా తీసిన తర్వాతా వేసుకున్నారు. అద్దానికి ఖర్చు లేదు. అద్దంలో మనిషి మనం చెప్పినంతసేపూ కూర్చుంటాడు.

నేర్పేవాళ్లు లేరు అంటారు పిల్లలు. నిజమే, పల్లెల్లో ఆయిల్ పెయింట్ నేర్పేవాళ్లు తక్కువ. దీనికి రవివర్మ సంగతి చెబుతాను. మన పూజగదుల్లో ఉన్న లక్ష్మీదేవి, సరస్వతీదేవి పటాలకు మూలం ఆయన వేసిన నూనెరంగుల బొమ్మలే. ఆయన 1848లో కేరళలో పుట్టారు. పద్నాలుగేళ్లకు తిరువనంతపురం రాజాస్థానానికి చేరారు. అక్కడ ఆయిల్ పెయింట్ తెలిసినవాళ్లు ఆ గుట్టు చెప్పడానికి ఇష్టపడలేదు. 1868లో థియొడోర్ జెన్సన్ అనే చిత్రకారుడు ఐరోపా నుంచి వచ్చి రాజుగారి ముఖచిత్రాలు వేశారు. ఆయనా నేర్పలేదు. పక్కన నిలబడి చూడనిచ్చారు. రవివర్మ చూశారు. చూసి, ఇంటికి పోయి, చేసి చేసి నేర్చుకున్నారు. ఐదేళ్లు తిరిగేసరికి 1873లో వియన్నా ప్రదర్శనలో ఆయన బొమ్మకు బహుమతి వచ్చింది. ఇవాళ మీకు నేర్పే వీడియోలు ఫోన్‌లోనే ఉన్నాయి. వాటిని చూడటానికి ఫోన్ వాడుకోండి. ముఖం మాత్రం మనిషిని చూసి వేయండి.

అసలు బొమ్మలను కూడా కళ్లారా చూడాలి. అచ్చులో చూస్తే రంగు మందం తెలియదు. కట్టంగూర్ నుంచి బస్సెక్కితే మహాత్మాగాంధీ బస్‌స్టేషన్‌లో దిగొచ్చు. అక్కడికి దగ్గర్లోనే మూసీ ఒడ్డున సాలార్‌జంగ్ మ్యూజియం. 1951లో మొదలైంది. అక్కడ ఐరోపావాళ్ల నూనెరంగుల చిత్రాలున్నాయి, రవివర్మ చిత్రాలూ ఉన్నాయి. శుక్రవారం సెలవు, ఆ రోజు పోకండి. ఒక్క ముఖం ముందు నిలబడి దగ్గరగా పోయి చూడండి, వెనక్కి వచ్చి చూడండి. దగ్గర నుంచి ఉత్త రంగు మచ్చలు. నాలుగడుగులు వెనక్కి వస్తే చెంప. అన్నీ చూడాలని పరిగెత్తొద్దు. ఒక్క ముఖం చాలు ఆ రోజుకు.

రాజమండ్రి వైపు పోయేవాళ్లు దామెర్ల రామారావు ఆర్ట్ గ్యాలరీ చూడండి. చిత్రకారుడు రామారావు గారు తనకు చదువు చెప్పిన కూల్డ్రే దొర చలువతో బొంబాయి జె.జె. ఆర్ట్ స్కూల్లో చేరి నేర్చుకున్నారు. 1925లో మశూచి సోకి ఇరవై ఎనిమిదేళ్లు నిండకుండానే పోయారు. అంత చిన్న వయసులో ఆయన ఎంత పని చేశారో చూస్తే నాకు ఇప్పటికీ ఆశ్చర్యం. ఇంటర్ చదివే పిల్లలు ఒకటి గుర్తుపెట్టుకోండి. హైదరాబాదు మాసబ్‌ట్యాంక్‌లో జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్ అండ్ ఫైన్ ఆర్ట్స్ యూనివర్సిటీ ఉంది. ఇంటర్ తర్వాత ప్రవేశపరీక్ష రాసి అక్కడ పెయింటింగ్ చదవొచ్చు. బొమ్మలు గీస్తే చదువు పాడవుతుందని తల్లిదండ్రులు అనుకోవద్దు. అదీ చదువే.

చివరగా పెద్దవాళ్లకు ఒక మాట. ముఖచిత్రాలు వేసేవాళ్ల దగ్గరికి మన ఊళ్ల నుంచి ఎప్పుడు వస్తారో తెలుసా? ఇంట్లో పెద్దవాళ్లు పోయిన తర్వాత. పెద్దకర్మ దగ్గరపడుతుంటే ఆధార్ కార్డు మీది ఫొటో పట్టుకుని వస్తారు. వేలిగోరంత ముఖం. అందులో కళ్లు సరిగా కనబడవు. "మా నాయిన నవ్వుతున్నట్టు ఉండాలె" అంటారు. వాళ్ల కళ్లలో నీళ్లు చూస్తే కాదనలేం. కానీ ఆయన ఎట్లా నవ్వేవాడో ఆ కార్డులో లేదు. ఏ చెంప ముందు ముడత పడేదో లేదు. బతికున్నవాళ్ల పటం వేయించొద్దు, ఆయుష్షు తగ్గుతుందని కొందరు భయపడతారు. ఆ భయం వద్దు. ఎదురుగా గంటసేపు కూర్చున్నందుకు ఎవరి ఆయుష్షూ తగ్గదు.

అందుకని ఇది నా విన్నపం. వచ్చే ఆదివారం మీ ఇంట్లో ఉన్న తాతనో, నాయనమ్మనో కిటికీ పక్కన కూర్చోబెట్టండి. మీ బిడ్డకు ఒక అట్టముక్క, ఐదు రంగులు, రెండు బ్రష్‌లు కొనివ్వండి. మొదటి బొమ్మ కుదరకపోయినా తిట్టకండి, రెండో ఆదివారం మళ్లీ కూర్చోబెట్టండి. వాళ్లు మన మధ్య ఉన్నప్పుడే వేయించుకోండి.